ఫింటన్ వాళ్ళమ్మ

రువింబో బడిలో గీసిన బొమ్మ దగ్గర మొదలుపెడతాను. మా గొడవంతా అక్కడే మొదలైంది.

"మీ అమ్మానాన్నలు ఏం పని చేస్తారో గీయండి" అందట టీచరు. ఒక పిల్ల ట్రాక్టరు గీసింది. ఇంకో పిల్లాడు వాళ్ళమ్మ మందుల షాపు గీశాడు. మా రువింబో వాళ్ళ నాన్నను గీసింది. చేతిలో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. ముందు కొందరు, వెనక కొందరు. కింద వంకర అక్షరాలతో "మా నాన్న భోజనానికి నిలబడతాడు" అని రాసింది. టీచరు పక్కనే ఎర్ర చుక్క కూడా అతికించింది, బాగా గీసినందుకు.

రువింబో నాన్న ఆ కాగితం చూసి నవ్వాడు.

"నా చెవులు భలే వచ్చాయమ్మా" అన్నాడు. ఆ పూట మాత్రం భోజనాల హాలుకు రాలేదు. తలనొప్పి అన్నాడు. నాకు తెలియదా ఆ నొప్పి ఎక్కడిదో.

నేను అతనికి అక్కని. ఒక కడుపున పుట్టలేదు. ఐర్లండులోని ఈ మూతపడ్డ హోటలుకి రాకముందు ఒకరి మొహం ఒకరికి తెలియదు. కానీ ఇద్దరం మోయో వంశం వాళ్ళం. మా జింబాబ్వేలో అది చాలు. అతను గుతూ వైపు మనిషి, నేను హరారేలో కూరగాయలమ్మిన దాన్ని. పరిచయమైన రోజే వంశం అడిగాను, చెప్పాడు. "అయితే నువ్వు నా తమ్ముడివి, ఈ పిల్ల నా మేనకోడలు, ఇహ నోరు మూసుకుని నా మాట విను" అన్నాను. పిల్లకు తల్లి లేదు. అక్కడే పోయింది. అందుకని ఆ పిల్లకు జడలల్లడం దగ్గర్నుంచి అన్నీ మేనత్త పనే.

అతని పేరు టోంగాయి. మేమెవరం ఆ పేరుతో పిలవం. మా దగ్గర పిల్లలు పుట్టాక మనిషికి సొంత పేరు పోతుంది. అతను రువింబో నాన్న, నేను తఫారా అమ్మని. అక్కడ అతను బస్సు నడిపేవాడు. ఎన్నికలప్పుడు ఎవరిని ఎక్కించుకున్నావని కొందరు అడగడానికొచ్చి, జవాబు వినకుండా బస్సు తగలబెట్టారు. తర్వాత అతని కోసం వచ్చారు. ఇక్కడికి పారిపోయి వచ్చి ఆశ్రయం అడిగాడు, అదీ అతని కేసు.

కేసు తేలేదాకా మమ్మల్ని ఈ హోటల్లో ఉంచారు. పడుకోవడానికి మంచం ఇస్తారు, వేళకు తిండి పెడతారు. వండుకోకూడదు, పని చెయ్యకూడదు. వినడానికి సుఖంగానే ఉంటుంది. ఒక్క ఏడాది ఉండి చూడండి. బస్సు నడిపిన మనిషి కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చుంటాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీకీ మరలు బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తాడు. నేనైతే గొడవ పెట్టుకుంటాను. వేయించిన బంగాళాదుంపలు చల్లారిపోయాయని వంటవాడితో పోట్లాడితే ఆ రోజు కాస్త పని చేసినట్టుండేది.

అప్పుడు ఈ దేశపు పెద్ద కోర్టు, మనిషిని ఎప్పటికీ పని చెయ్యొద్దనడం కుదరదంది. ఆ మరుసటి ఏడు చట్టం మారింది. కేసులో మొదటి తీర్పు కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళు పని చేసుకోవచ్చన్నారు. రువింబో నాన్నకు అనుమతి వచ్చింది. నాకు రాలేదు. ఎందుకంటే నా మొదటి తీర్పు అప్పటికే వచ్చేసింది, కాదన్నారు, అప్పీలు నడుస్తోంది. నాకు కడుపు మండింది, అబద్ధం ఎందుకు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు లేచి అతని చొక్కా ఇస్త్రీ చేశాను. మా ఇద్దరిలో ఒకరైనా వెళ్ళాలి కదా.

బస్సు కంపెనీ వాళ్ళు ఇక్కడి లైసెన్సు కావాలన్నారు. మాలాంటివాళ్ళకు లైసెన్సు ఇవ్వరు. చివరికి ఊరి చివర వృద్ధాశ్రమంలో మనుషులు కావాలంటే వెళ్ళాడు. అక్కడి పెద్ద నర్సు పేరు నోరీన్. "కొన్నాళ్ళు చూస్తాం, నచ్చితే ఉంచుతాం" అని ఒక నీలం చొక్కా ఇచ్చింది.

మా హోటల్లో మగవాళ్ళకు మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం డ్రైవరు బాబాయ్, బస్సు నడిపినవాడివి, ముసలమ్మలకు మూతి తుడుస్తావా ఇప్పుడు?"

"బస్సులోనూ నేను చేసింది అదేరా. ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను, దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను. మధ్యలో నీలాంటివాళ్ళు కక్కుకుంటే కడిగాను" అన్నాడు రువింబో నాన్న.

మొదటిసారి అతని నోట ఆ బస్సు డ్రైవరు గొంతు విన్నాను. మూడు వరసల వెనక కూర్చున్నవాడికి కూడా వినపడే గొంతు.

పని మొదలైన మొదటి రోజు రువింబో గేటు దాకా వెళ్ళి వాళ్ళ నాన్న మలుపు తిరిగేదాకా చూసింది. ఆ పిల్లకు ఊహ తెలిశాక వాళ్ళ నాన్న పనికి వెళ్ళడం చూడటం అదే మొదలు. బస్సు నడిపిన రోజులు దానికి గుర్తులేవు. ఆ రోజు నుంచి పొద్దున్నే అదొక పూజలా తయారైంది. నేను నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యాలి, పిల్ల పై గుండీ పెట్టాలి, అతను బయల్దేరాలి. అతను వెళ్ళాకే ఈమెగారు బడి వ్యాను ఎక్కేది.

పనిలో ఒక్కటే చిక్కొచ్చింది.

"పేరు పెట్టి పిలవమంటున్నారక్కా. ఎంత పెద్దవాళ్ళనైనా సరే. ఇంట్లో ఉన్నట్టు ఉంటుందట వాళ్ళకి."

"పిలువు మరి."

"తొంభై ఏళ్ళావిడని పట్టుకుని డెలియా, డెలియా అని ఎట్లా పిలిచేది? మా అమ్మ వింటే చెప్పుచ్చుకుంటుంది."

డెలియా ఎవరితోనూ మాట్లాడని మనిషి. కిటికీ వైపు కుర్చీ వేయించుకుని కూర్చునేది. చెంచా నోటి దాకా తెస్తే మొహం తిప్పేసేది. రోజురోజుకీ చిక్కిపోతోంది. ఆమె మంచం పక్కన ఒక ఫొటో ఉంది. సైకిలు పట్టుకుని నవ్వుతున్న కుర్రాడు, పదహారేళ్ళుంటాయేమో. కింద సిరాతో "ఫింటన్" అని రాసి ఉంది. పెద్దకొడుకని వంటగదిలో ఎవరో చెప్పారట. రువింబో నాన్నకు దారి దొరికింది. మర్నాడు టీ కప్పు బల్ల మీద పెట్టి, ఆమె కుర్చీ ముందు గొంతుకూర్చుని, పెద్దవాళ్ళకు మేం చేసినట్టు రెండు అరచేతులూ మెల్లగా తట్టి పిలిచాడు.

"ఫింటన్ అమ్మగారూ, టీ తెచ్చానండీ."

ఆమె కిటికీ నుంచి తల తిప్పింది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. కప్పు మొత్తం తాగింది.

నేనున్నా అదే చేసేదాన్ని. మా వాళ్ళలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. తల్లిని గౌరవంగా పిలవడానికి మాకు ఇంకో పద్ధతి తెలియదు.

ఆ రోజు నుంచి అతను పెడితేనే తినేది. నోరీన్ సంబరపడిపోయింది. ఎలా తినిపిస్తున్నావని అడిగితే "అడుగుతున్నానండీ, తింటున్నారు" అన్నాడట. నిజమే కదా.

ఆదివారం డెలియా కూతురు మేరియన్ వచ్చింది. ఆమె గుమ్మంలో ఉండగా ఇతను లోపల గొంతుకూర్చుని "ఫింటన్ అమ్మగారూ, ఇంకొక్క ముద్ద" అంటున్నాడు. మేరియన్ చేతిలో పూలు అక్కడే పడేసి నోరీన్ గదికి వెళ్ళింది.

కాసేపటికి నోరీన్ ఇతన్ని పిలిపించింది. ఫింటన్ సరస్సులో మునిగిపోయి నలభై ఏళ్ళు దాటిందని, ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరని, పేరు పెట్టి పిలవమని ముందే చెప్పాను కదా అని అంది. ఇప్పుడు ఇంటికి వెళ్ళమంది. మళ్ళీ కబురు చేస్తామంది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. అతను ఎవరికీ చెప్పలేదు. సోమవారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేశాను, పిల్ల గుండీ పెట్టింది, అతను బయల్దేరాడు. మంగళవారం కూడా అంతే. ఆ వారం పిల్ల ఒక కొత్త అలవాటు చేసుకుంది. టిఫిన్లో ఇచ్చిన ఆపిల్ తాను తినకుండా వాళ్ళ నాన్న జేబులో పెట్టేది. "ఆకలేస్తే తిను నాన్నా" అనేది. నాకు ముచ్చటేసింది.

గురువారం పోస్టాఫీసుకి వెళ్తూ పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరిగాను. బస్టాపు బెంచీ మీద నీలం చొక్కా వేసుకుని రువింబో నాన్న కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆపిల్ ఉంది. వాన పడుతోంది.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"బస్సు కోసం."

"ఏ ఊరికి?"

బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు అంతా.

"మరి ఈ వేషమెందుకు?"

"పిల్ల చూస్తోంది కదక్కా పొద్దున్నే. చొక్కా లేకుండా ఎట్లా కనపడను? మళ్ళీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ బొమ్మే గీస్తుంది."

ఏడుపొచ్చినప్పుడల్లా నాకు కోపం కూడా వస్తుంది, అది నా జబ్బు.

"సిగ్గు లేదూ నీకు?" అన్నాను. "చావు కబురు విన్నావు. విన్నవాడివి ఆ తల్లి చెయ్యి పట్టుకోకుండా తోక ముడుచుకుని వచ్చేశావా? ఎవరు పెంచారు నిన్ను?"

మా దగ్గర ఒక ఇంట్లో చావు జరిగిందని తెలిస్తే వెళ్ళి వాళ్ళ చేతులు పట్టుకోవాలి. ఊళ్ళో లేకపోతే వచ్చాక పట్టుకోవాలి. పట్టుకోకుండా వాళ్ళతో ఇంకో మాట మాట్లాడకూడదు, మంచినీళ్ళు కూడా ముట్టకూడదు.

"నలభై ఏళ్ళ కిందటి చావక్కా అది."

"నీకు తెలిసిందెప్పుడు?"

"మొన్న ఆదివారం."

"అయితే నీకు మొన్న ఆదివారమే పోయాడు ఆ కుర్రాడు. లే."

"వద్దక్కా. రావద్దన్నారు. వెళ్తే పోలీసుల్ని పిలుస్తారేమో. కేసు చెడిపోతుంది. ఈ పని పోతే పోయింది, కేసు పోతే పిల్లనేం చెయ్యను?"

అది మాత్రం నిజమైన భయమే.

"ఆదివారం నేను ముందు నడుస్తాను, నువ్వు వెనక రా" అన్నాను. "నా కేసు ఎలాగూ చెడింది. ఇంకా చెడటానికేముంది దాన్లో?"

ఆదివారం అతను నీలం చొక్కా వేసుకోలేదు. కోటు వేసుకున్నాడు. నేను తలకు గుడ్డ కట్టుకున్నాను. చుట్టాల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళ అది, ఎవరూ ఆపలేదు. డెలియా కిటికీ వైపు కుర్చీలో ఉంది. నాలుగెముకలు, మీద ఒక దుప్పటి. ఈ వారమంతా ఏమీ తినలేదని చూస్తేనే తెలుస్తోంది. పక్కన మేరియన్ చెంచా పట్టుకుని కూర్చుంది. ఇతన్ని చూడగానే లేచి నిలబడింది.

"మిమ్మల్ని రావద్దన్నారు కదా" అంది.

"పనికి రావద్దన్నారమ్మా" అన్నాను నేను. "మేం పనికి రాలేదు. చావుకొచ్చాం."

"ఎవరి చావుకి?"

"ఫింటన్ చావుకి. మా తమ్ముడికి తెలియదు. కుర్రాడు ఎక్కడో బతికి ఉన్నాడనుకుని ఆ పేరుతో పిలిచాడు. మా దగ్గర తల్లిని అట్లాగే పిలుస్తాం. ఇప్పుడు తెలిసింది. తెలిసిన రోజే రావలసింది, ఆలస్యమైంది. తిట్టాలనుకుంటే తర్వాత తిట్టండి."

ఆమె జవాబు చెప్పేలోగా నేను గొంతుకూర్చున్నాను. నా మోకాళ్ళు ఆ గదంతా వినపడేట్టు చప్పుడు చేశాయి. నా వెనక అతను కూర్చున్నాడు. ఇద్దరం చేతులు తట్టాం. నేను డెలియా చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఆ చెయ్యి చల్లగా, కాగితంలా ఉంది.

"మీకు పెద్ద కష్టం వచ్చిందమ్మా. మాకు చాలా బాధగా ఉంది" అన్నాను. మా భాషలో అనే మాటనే వాళ్ళ భాషలో అన్నాను.

ఈ ఊళ్ళో కూడా చావింట్లో సరిగ్గా ఆ మాటే అంటారని నాకు తెలియదు. మేరియన్ తర్వాత చెప్పింది. ఊరంతా వరసగా నిలబడి, ఒక్కొక్కరే చెయ్యి పట్టుకుని, మీ కష్టానికి మాకు బాధగా ఉందని చెప్పి వెళ్తారట. ఫింటన్‌కు మాత్రం ఆ వరస నిలబడలేదు. శవం దొరకలేదు. శవం లేకపోతే పెట్టె లేదు, పూడ్చడం లేదు, చేతులు పట్టుకోవడం లేదు. చచ్చిపోయాడని తల్లితో చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. తండ్రి ఏడాది పాటు పడవ వేసుకుని తిరిగాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దన్నాడు. ఆయన పోయాక కూడా ఎవరూ ఎత్తలేదు.

డెలియా నా చేతుల వంక చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"చాలా ఆలస్యం చేశారే" అంది.

గొంతు బొంగురుగా ఉంది, ఎన్నాళ్ళుగానో వాడని గొంతు.

"అవునమ్మా. దూరం నుంచి వచ్చాం" అన్నాను.

"మేరియన్, వచ్చినవాళ్ళని అట్లా వదిలేశావేం? టీ పెట్టు."

తల్లి నోట తన పేరు విని ఎన్ని నెలలైందో, మేరియన్ అలాగే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. తర్వాత నిజంగానే వెళ్ళి టీ తెచ్చింది.

డెలియా రువింబో నాన్న వైపు చెయ్యి చాపింది. అతను దగ్గరికి జరిగి పట్టుకున్నాడు.

"వాడు సైకిలు మీద వెళ్ళాడు. రొట్టె కట్టి పెట్టాను, బల్ల మీదే మర్చిపోయాడు. ఏమీ తినకుండా వెళ్ళాడు" అంది.

అంతే అంది. ఆ రొట్టె ఎన్నేళ్ళుగా ఆమె గొంతుకు అడ్డంపడి ఉందో ఆ దేవుడికే తెలియాలి. రువింబో నాన్న తల వంచుకుని విన్నాడు. చెయ్యి వదల్లేదు. మెల్లగా అన్నాడు.

"ఫింటన్ అమ్మగారూ, టీలో బిస్కెట్టు ముంచి ఇవ్వనా?"

ఆమె తింది. ఇంకోటి అడిగింది. తింటూ నా వైపు తిరిగింది.

"నువ్వెవరి అమ్మవి?"

ఈ దేశంలో అడుగుపెట్టాక ఎందరో ఎన్నో అడిగారు నన్ను. ఎందుకొచ్చావు, ఏ దారిన వచ్చావు, రుజువేది. ఇది ఎవరూ అడగలేదు.

"తఫారా వాళ్ళమ్మనండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మేం బయటికి వస్తుంటే మేరియన్ వెనకే వచ్చింది. "ఆ పేరు వింటే అమ్మ తట్టుకోలేదనుకున్నాను. వారమంతా ఆ అబ్బాయేడీ, ఆ అబ్బాయేడీ అన్నట్టు తలుపు వంకే చూసింది. ఫింటన్ కోసమనుకున్నాను. ఈయన కోసమేమో" అంది. తర్వాత నోరీన్ గది తలుపు తట్టి, మేం వింటుండగానే "రేపు పొద్దున్నే ఈయన రావాలి. అమ్మను ఎట్లా పిలుస్తున్నాడో అట్లాగే పిలవనివ్వండి" అంది. నోరీన్ మా ముగ్గురి ఎర్రబడ్డ కళ్ళూ చూసి ఎందుకని అడగలేదు. ఆరింటికల్లా రమ్మంది.

సోమవారం పొద్దున చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేశాను. పిల్ల గుండీ పెట్టి, ఎప్పట్లాగే ఆపిల్ జేబులో వేసింది. అతను వెళ్ళాడు. పిల్ల వ్యానెక్కింది. నాకు ఏ పనీ లేదు, కానీ ఆ రోజు వంటవాడితో కూడా పోట్లాడలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చిన రువింబో సంచీ పక్కన పడేసి నా ఒళ్ళో తల పెట్టుకుంది. జడలు విప్పుతున్నాను.

"అత్తా, ఒకటి చెప్తాను, నాన్నకు చెప్పకూడదు."

"చెప్పను, చెప్పు."

"మా వ్యాను రోజూ పెట్రోలు బంకు ముందునుంచే వెళ్తుంది."

నా చేతులు ఆగిపోయాయి.

"పోయిన వారమంతా నాన్న అక్కడ కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. నాన్న నన్ను చూడకుండా వంగున్నాను. అక్కడ తినడానికేమీ ఉండదు కదా, అందుకే ఆపిల్ ఇచ్చాను."

"మరి అడగలేదేమే నాన్నని?"

"గుండీ పెట్టేటప్పుడు నాన్న సంతోషంగా ఉంటాడు కదా" అంది.

నేను ఏడ్చాను. ఆ పిల్ల చూడకుండా ఏడవాలనుకున్నాను కానీ కుదరలేదు. అది లేచి నా మొహం చూసి, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు నా బుగ్గ తుడిచింది.

"ఏడవకత్తా. ఇవాళ బెంచీ మీద ఎవరూ లేరు. వ్యాను మలుపు తిరిగేదాకా చూశాను" అంది.